ఒకే కప్పు కింద ఒక ఊరు

అలాస్కాలోని విట్టియర్ పట్టణానికి వెళ్లదలచిన వాహనదారుడు ముందుగా గడియారం చూసుకోవాలి. నేల మీదుగా ఆ ఊరికి ఉన్న దారి ఒక్కటే. అది రెండున్నర మైళ్ల పొడవున కొండను తొలిచి వేసిన సొరంగం. అందులో ఒక్క వరుసకే చోటు. ఆ వరుసలోనే రైలు పట్టాలు, ఆ పట్టాల మీదుగానే కార్లు. ఊరిలోకి పోయేవారిని అరగంటకు, ఊరినుంచి వచ్చేవారిని గంటకు వదులుతారు. నడుమ రైలు వస్తే అందరూ ఆగవలసినదే. రాత్రి పదకొండు ప్రాంతంలో ద్వారం మూసివేస్తారు. ఆ తరువాత వచ్చినవాడు ఎంత పెద్దమనిషి అయినా కారులోనే తెల్లవార్చుకోవాలి.

సొరంగం దాటితే ఒక వైపు సముద్రం, మూడు వైపులా హిమానీనదాలు వేలాడే కొండలు, వాటి పాదాల వద్ద పద్నాలుగు అంతస్తుల కాంక్రీటు భవనం ఒకటి కనిపిస్తాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం విట్టియర్ నివాసులు 272 మంది. వారిలో అత్యధికులు కాపురముండేది ఆ ఒక్క భవనంలోనే. దాని పేరు బెగిచ్ టవర్స్.

ఇలాంటి చోట ఊరు కట్టాలన్న ఆలోచన గృహస్థులకు రాదు. వచ్చింది సైన్యానికి. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను సేనలు 1942లో అలూషియన్ దీవుల మీదికి వచ్చిపడినప్పుడు, అలాస్కా లోపలి స్థావరాలకు సరకులు చేరవేయడానికి శీతాకాలంలోనూ గడ్డకట్టని రేవు కావలసివచ్చింది. విట్టియర్ నీరు గడ్డకట్టదు. పైగా ఏడాదిలో ఎక్కువ రోజులు ఆకాశాన్ని మేఘాలు కప్పి ఉంచుతాయి కనుక శత్రువిమానాలకు రేవు కానరాదు. కాపురానికి ఏవి దోషాలో యుద్ధానికి అవే గుణాలైనాయి. కొండను తొలిచి 1943 నాటికి రైలు నడిపించారు. ఊరికి ఆ పేరు సమీపంలోని హిమానీనదం నుంచి వచ్చింది. హిమానీనదానికి బానిసత్వాన్ని నిరసించిన కవి జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియర్ పేరు పెట్టారు. శాంతిని బోధించే క్వేకర్ సంప్రదాయానికి చెందిన కవి పేరు సైనిక రేవుకు దక్కడం చరిత్ర చేసే చిన్న పరిహాసాలలో ఒకటి.

యుద్ధం ముగిసినా సోవియట్ యూనియన్‌తో వైరం మిగిలింది. ఏటా దాదాపు 200 అంగుళాల వాన (చిరపుంజిలో పడేదానిలో ఇంచుమించు సగం), దానికి తోడు ఇరవై అడుగుల మంచు కురిసే చోట సైనికులను విడివిడి ఇళ్లలో ఉంచడం కష్టమని గ్రహించిన అధికారులు రెండు మహాభవనాలు లేపారు. 1953లో పూర్తయిన బక్నర్ భవనంలో సినిమాహాలు, ఆస్పత్రి, చివరకు జైలు కూడా ఉండేవి. 1957లో కుటుంబాల కోసం రెండవది పూర్తయింది. అంత శ్రమపడి కట్టిన సైన్యం 1960లో మూటాముల్లె సర్దుకొని వెళ్లిపోయింది.

మిగిలినవారు డెబ్బై మంది. 1964 మార్చి 27 సాయంకాలం అలాస్కాను 9.2 తీవ్రతగల భూకంపం కుదిపివేసింది. విట్టియర్ తీరం మీద 40 అడుగులకు పైగా అల విరుచుకుపడింది, చమురు ట్యాంకులు అంటుకున్నాయి, పదముగ్గురు మరణించారు. అయితే రెండు మహాభవనాలూ నిలిచాయి. చిన్నదైన రెండవదాన్ని మూడు భాగాలుగా, కంపనానికి ఊగేందుకు నడుమ కొద్దిపాటి ఎడం వదిలి కట్టారు. ఆ ఎడం వృథా కాలేదు.

1969లో విట్టియర్ పురపాలక పట్టణమైంది. కుటుంబాల కోసం కట్టిన భవనమే పౌరుల నివాసమై, 1972లో ఆంకరేజ్ నుంచి జూనో వెళుతూ విమానంతో సహా అదృశ్యమైన కాంగ్రెస్ సభ్యుడు నిక్ బెగిచ్ పేరు పెట్టుకుంది. ఆ విమానం ఆచూకీ ఈనాటికీ తెలియలేదు. బక్నర్ భవనం మాత్రం కిటికీలు ఊడి, గోడలు చెమ్మగిల్లి, ఆస్‌బెస్టాస్ విషపు పొడితో ఎలుగుబంట్లకు విడిదిగా మిగిలింది.

బెగిచ్ టవర్స్‌లో తపాలా కార్యాలయం, కిరాణా దుకాణం, బట్టలు ఉతుక్కునే యంత్రాలు, చిన్న వైద్యశాల, చర్చి అన్నీ ఉన్నాయి. బడి పక్కనే ఉంది. భవనం అడుగునుంచి దానికి నడక సొరంగం వేశారు. బయట గంటకు అరవై మైళ్ల గాలి వీస్తున్నా పిల్లలు కోటు తొడుక్కోకుండా తరగతికి చేరతారు. ఉపాధ్యాయులుండేదీ అదే కప్పు కింద. లెక్క తెలియని పిల్లవాడు లిఫ్టు ఎక్కి వెళ్లి అడిగి రావచ్చు. లెక్క ఎగవేసిన పిల్లవాడు అదే లిఫ్టులో దొరికిపోనూవచ్చు.

ఈ సౌకర్యాన్ని విని మురిసిపోవడం సులభమే. కాని పొరుగువాడితో మాట పట్టింపు వచ్చినవాడు మరొక వీధిన నడవడానికి ఇక్కడ వీధి లేదు. లిఫ్టులో, దుకాణంలో, ఉత్తరాల పెట్టె వద్ద ఆ ముఖమే ఎదురవుతుంది. ఎవరింటికి ఎవరు వచ్చారో, ఎవరు మంచం పట్టారో గోడలే చెప్పినట్లు తెలిసిపోతుంది. మంచం పట్టినవారికి చారు కాచి తెచ్చేదీ ఆ తెలియడమే. పెద్ద జబ్బులకు, కాన్పులకు మాత్రం సొరంగం దాటి అరవై మైళ్ల దూరంలోని ఆంకరేజ్‌కు పోవాలి.

2000 సంవత్సరం జూన్‌లో సొరంగాన్ని కార్లకు తెరిచేదాకా వాహనాలను రైలు బండ్ల మీద ఎక్కించి తెచ్చేవారు. రోడ్డు కావాలా వద్దా అన్న విషయంలో అందరూ ఒక్కమాట మీద లేరు. రోడ్డు వచ్చాక వేసవిలో విహారనౌకల యాత్రికులు, చేపల వేటగాళ్లు వేలాదిగా దిగుతున్నారు; శీతాకాలానికి మళ్లీ ఆ కొద్దిమందే మిగులుతారు.

ఆ కొద్దిమందిలో పసిఫిక్ మహాసముద్రంలోని అమెరికన్ సమోవా నుంచి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. ఆ దీవులలో పుట్టినవారు చట్టరీత్యా అమెరికా జాతీయులే కాని పౌరులు కారు. వారు అమెరికా పాస్‌పోర్టు పొందవచ్చు, సైన్యంలో ప్రాణమివ్వవచ్చు, ఓటు వేయరాదు. హక్కు లేకుండా ఓటు వేశారన్న అభియోగంతో 2025లో విట్టియర్ వాసులు పదిమందిపై కేసులు పెట్టారు. తమకు హక్కు ఉన్నదనే నమ్మామని వారి తరఫున వాదించారు. 272 మంది ఉన్న ఊరిలో పదిమంది అంటే లిఫ్టు ఎక్కినప్పుడల్లా ఎదురయ్యే ముఖాలే. ఒకే కప్పు కింద పక్కపక్కనే బతికేవారి మధ్య అంత పెద్ద గీత ఉన్నదని న్యాయస్థానం పిలుపు వచ్చేదాకా చాలామందికి తోచి ఉండదు.

గీతలు ఎరుగని ప్రమాదం మరొకటి ఉంది. సుమారు ముప్పై మైళ్ల దూరాన బేరీ ఆర్మ్ అనే సముద్రపు పాయలో హిమానీనదం కరిగి వెనక్కి తగ్గడంతో, దాని ఆసరా మీద నిలిచిన కొండవాలు పట్టు సడలింది. అది ఒక్కసారిగా జారిపడితే సునామీ పుట్టి, ఇరవై నిమిషాల్లోనే విట్టియర్‌కు చేరవచ్చని 2020 మే నెలలో శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. తరువాతి లెక్కలు అల ఎత్తును బాగా తగ్గించాయి కాని ప్రమాదాన్ని కొట్టివేయలేదు. కొండవాలు కదలికలను ఇప్పుడు పరికరాలు గమనిస్తున్నాయి. ఇరవై నిమిషాలంటే సొరంగం ద్వారం తెరుచుకోవడానికి ఒక్కొక్కసారి కారులో కూర్చొని ఎదురుచూసే సమయం కంటే తక్కువ.