పచ్చబొట్టు

సుంగై పెటానిలో మా గుడిలో పిల్లలకు చెవులు కుట్టించే రోజు పసుపు పళ్ళెం నేనే పట్టుకుంటాను. చెవులు "కుట్టిస్తాం". పచ్చబొట్టు "పొడిపిస్తాం". రెండూ సూది పనే, మాటలు వేరు! ఇది నేర్చుకోవడానికి నాకు అరవై ఏళ్ళు పట్టింది.

1991లో ఆల్ప్స్ మంచులో ఓట్జీ దొరికాడు. 5,300 ఏళ్ళ కిందటి మనిషి. 2015లో జర్నల్ ఆఫ్ కల్చరల్ హెరిటేజ్ అనే పత్రికలో అతని ఒంటి మీద పచ్చబొట్లన్నీ లెక్కపెట్టి వేశారు: 61. చాలావరకు నడుము, మోకాళ్ళు, చీలమండల దగ్గర. నొప్పికి వైద్యమేమో అంటారు.

విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటకు వచ్చిన మా మామ్మ ముంజేతి మీద కూడా చుక్కలు ఉండేవి. ఎన్ని? ఎందుకు? ఎవరూ రాయలేదు. ఉన్న ఒక్క ఫోటోలో ఆ చెయ్యి కొంగు కింద ఉంది. పెద్దత్తకు గుర్తుంది, కానీ ఆమెకు తొంభై దాటాయి. ఆదివారం నోటుబుక్కు తీసుకుని వెళ్తున్నాను.