ఆసామి డిస్కు, పాలేరు డిస్కు

మా నాయన పాలేరు. ఈ మాట రాయడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. ఒకప్పుడు ఉండేది. ఆ సిగ్గు ఒక కంప్యూటర్ క్లాసులో బయటపడింది. అక్కణ్ణించే మొదలుపెడతాను.

2008లో డిగ్రీ అయిపోయింది. మా ఇంట్లో అంతదాకా చదివింది నేనొక్కణ్ణే. బి.ఇడి.కి ముందు టౌనులో ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సులో చేరాను. ఫీజుకి అమ్మ మేకపోతును అమ్మింది. ఒకరోజు సారు డబ్బా విప్పి హార్డ్ డిస్కులు చూపించాడు. అప్పట్లో వెడల్పాటి కేబులు ఒకదానికే రెండు డిస్కులు తగిలించేవాళ్లు. ఏది ఏదో మిషనుకి తెలియడానికి డిస్కు వెనక చిన్న ప్లాస్టిక్ ముక్కను అటో ఇటో మార్చి పెట్టాలి. ఒకటి మాస్టర్, రెండోది స్లేవ్.

"అర్థం కాలేదా? ఆసామి, పాలేరు. ఆసామి చెప్తాడు, పాలేరు చేస్తాడు. అంతే" అన్నాడు సారు.

క్లాసంతా గొల్లుమని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే నన్ను గుర్తుపడతారని నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా నోట్లో చేదుగానే ఉంది.

మా నాయన పదేళ్లప్పుడు పశువులు కాయడానికి చేరాడు. మీసాలొచ్చేనాటికి పాలేరయ్యాడు. ఉగాదికి కుదిరితే మళ్లీ ఉగాది దాకా ఆ కొట్టమే ఇల్లు. పేడ ఎత్తాలి, అరక కట్టాలి, రాత్రిళ్లు నీళ్లు పెట్టాలి. జొరమొచ్చి నాలుగు రోజులు పడుకుంటే ఆ నాలుగు రోజులూ జీతంలో కోత. ఆయన సత్తుగిన్నె చూరులో ఉండేది. తిన్నాక ఆయనే కడిగి మళ్లీ చూరులో దోపాలి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. మా నాయన మాత్రం 1984 దాకా ఆ కొట్టంలోనే ఉన్నాడు. చట్టమొచ్చాక 'వెట్టి' అనే మాట ఎవరూ అనలేదంట. 'ఏడాది జీతం' అన్నారంట. మాట మారింది, చూరులో గిన్నె మారలేదు.

అందుకే పేర్లు మార్చే ముచ్చట ఎక్కడ విన్నా ముందు నాకు అనుమానమే.

ఈ మాస్టర్, స్లేవ్ గొడవ పాతదే. 2003లోనే అమెరికాలో లాస్ ఏంజెలెస్ కౌంటీ వాళ్లు తమకు సామాను అమ్మే కంపెనీలను ఆ లేబుళ్లు వాడొద్దని అడిగారు. 2014లో జాంగో, 2018లో పైథాన్, రెడిస్ వాళ్లు ఆ మాటలు తీసేసే పనిలో పడ్డారు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మెడ మీద మోకాలు పెట్టి చంపాక ఊపు పెరిగింది. ఆ జూలైలో లినక్స్ కెర్నల్ వాళ్లు కొత్తగా రాసే కోడులో ఈ మాటలు వద్దని రాసుకున్నారు. అక్టోబరు నుంచి గిట్‌హబ్‌లో కొత్త ప్రాజెక్టు మొదటి కొమ్మకి 'మాస్టర్' బదులు 'మెయిన్' అని పేరొచ్చింది.

ఇదంతా నాకు చెప్పింది మా బాబాయి కొడుకు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లాక్‌డౌన్‌లో పల్లెకొచ్చి వేపచెట్టు కింద మంచమేసుకుని పని చేసుకునేవాడు. బడులు మూసేశారు గనక నేనూ ఇంటి దగ్గరే ఉన్నాను. ఒక సాయంత్రం వాళ్ల టీము ఫోనులో దీని మీదే వాదన. వాళ్ల డేటాబేసులో అసలు రాత ఒక మిషనులో జరుగుతుంది, మిగతావి దాన్ని నకలు తీసుకుంటాయి. ఆ నకలు మిషన్లను స్లేవులంటారు. పేరు మార్చాలా వద్దా?

వాడు స్పీకరు పెట్టాడు. ఒకాయన అంటున్నాడు: "అది వాళ్ల దేశం సమస్య. మన దగ్గర బానిసత్వం ఎప్పుడుంది? మనమెందుకు మార్చాలి?" ఇంకొకాయన, "వట్టి మాటే కదా, ఎవరికి నొప్పి? పాత ప్రోగ్రాములు ఆగిపోతే ఎవరు బాధ్యత?" మూడో ఆయన, "ఇది అయినాక ఇంకోటి. దీనికి అంతుండదు."

మా తమ్ముడు మైకు ఆపేసుకుని కూర్చున్నాడు. "అన్నా, ఏం చెప్పమంటావ్?" అన్నాడు.

నాకు చాలా చెప్పాలనిపించింది. మన దేశంలో బానిసత్వం లేకపోతే 1843లో ఇక్కడ బానిసత్వం మీద చట్టమెందుకొచ్చింది? 1976 చట్టం ఎవరి కోసం? ఫూలే 1873లో 'గులాంగిరి' రాసి, నల్లవాళ్ల బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు ఎందుకు అంకితమిచ్చాడు? ఆయనకు ఆ రెండింటికీ చుట్టరికం కనపడింది. పెద్ద చదువులు చదివిన మీకు కనపడలేదా?

కానీ అవన్నీ నేను చెట్టు కింద నిలబడి చెప్పగలను. వాడు ఆ ఫోనులో చెప్తే మర్నాడు వాడి పేరు వెనక ఏముందో వెతుకుతారు. వాడు ఇంటిపేరు పొట్టి చేసుకుని, 'మీదే ఊరు, ఊళ్లో ఎటువైపు' అనే ప్రశ్నలు తప్పించుకుంటూ అయిదేళ్లుగా బతుకుతున్నాడు. అదే రోజుల్లో, 2020 జూన్ 30న, కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ ఒక పెద్ద కంపెనీ మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజనీరును సాటి భారతీయులే కులం పేరుతో వేధించారని. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు ఇంజనీర్ల మీద కేసును ఆ శాఖే వెనక్కి తీసుకుంది. కంపెనీ మీద మాత్రం తీసుకోలేదు. అంటే కోడులో స్లేవు అనే మాట ఉండాలా వద్దా అని వాదన నడుస్తున్న నెలల్లోనే, ఆ కోడు రాసే గదిలో కులం ఉందని కోర్టుకెక్కింది.

మా నాయన అరుగు మీద కూర్చుని వింటున్నాడు. "ఏందిరా మాటిమాటికీ సిలేవు సిలేవంటన్నారు?" అన్నాడు. చెప్పాను. మిషనును అట్టా పిలుస్తారని, మార్చాలా వద్దా అని కొట్లాడుతున్నారని.

ఆయన కాసేపు చుట్ట నలుపుకున్నాడు. "మిషనుకేం తెలుస్తదిరా? దాన్నేమన్నా పడుద్ది. పిలిచేవోడి నోటికి అలవాటైద్ది, అదీ కత" అన్నాడు.

మా తమ్ముడు మైకు తీశాడు. కులం చెప్పలేదు. "మార్చడానికి రెండ్రోజుల పని. నేను చేస్తాను. నాకీ మాట టైపు చేయడం ఇష్టం లేదు" అన్నాడు. అవతల కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన నవ్వుతూ, "నువ్వు పర్సనల్‌గా తీసుకున్నట్టున్నావే" అన్నాడు. అంతే. పేరు మార్చారు. కానీ ఆ నవ్వు వాణ్ణి చాలా రోజులు వెంటాడింది. నాకు తెలుసు ఆ నవ్వు. పన్నెండేళ్ల ముందు నేనూ నవ్వాను.

తర్వాత తెలుసుకుంటే అసలు మా సారు చెప్పిందే తప్పు. ఆ రెండు డిస్కుల్లో ఒకటి రెండోదానికి ఆజ్ఞలివ్వదు. రెండూ కంట్రోలరు మాటే వింటాయి. వాటి ప్రమాణ పత్రాల్లో పేర్లు డివైస్ 0, డివైస్ 1 అనే. ఇనప డబ్బాలో లేని పాలేరుతనాన్ని మనుషులే తెచ్చి అంటించారు.

రెడిస్‌లో 'స్లేవ్ ఆఫ్' బదులు 'రెప్లికా ఆఫ్' వచ్చింది గాని, పాత ప్రోగ్రాములు ఆగకూడదని పాత ఆజ్ఞనూ ఉంచారు. పాత పేరుతో పిలిచినా పలుకుతుంది. మా వూళ్లోనూ అంతే. బోర్డు మీద అంబేద్కర్ నగర్, కాగితాల్లో ఎస్సీ కాలనీ. ఆటోవాడు మాత్రం 'మాదిగపల్లె దిగండి' అనే అంటాడు.

మరి మార్చడం దండగా? కాదు. ఎవరు మారుస్తున్నారో చూడాలంటాను. మమ్మల్ని 'హరిజనులు' అని పైనుంచి పిలిచారు. మేమడగలేదు. అది మాకు అతకలేదు. కానీ 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ, ఆయన వెంట ఉన్నవాళ్లు 'పంచమ' అనే మాట తీసిపారేసి 'ఆది ఆంధ్ర' అని పెట్టుకున్నారు. 1985లో కారంచేడు తర్వాత మా పాత ప్రకాశం జిల్లా పల్లెల్లో 'దళిత' అనే మాట గట్టిగా వినపడింది. దెబ్బ తిన్నవాడు తీసుకున్న మాటకు బలముంటుంది. మా తమ్ముడు రెండ్రోజులు కూర్చుని తన చేత్తో ఆ మాట చెరిపేశాడు. అది నాకు చిన్న పని కాదు.

ఇక 'మాస్టర్'. కొందరు, అది మూలప్రతి అనే అర్థంలో వచ్చింది, తీయక్కర్లేదంటారు. నన్ను పిల్లలు 'మాస్టారూ' అంటారు. ఆ మాట నేను వదులుకోను. మా నాయన పని చేసిన ఇంటివాళ్లు నన్నిప్పటికీ పేరు పెట్టే పిలుస్తారు గనక అసలే వదులుకోను. పక్కన స్లేవును నిలబెట్టినప్పుడే ఆ మాట ఆసామి అవుతుంది.

మా బడిలో కంప్యూటర్ గది ఉంది. మూలన పాత డిస్కులు పడున్నాయి. తొమ్మిదో తరగతి పిల్లలకు అవి చూపించి పాత పేరూ చెప్తాను, ఎందుకు మార్చారో చెప్తాను. దాచిపెట్టను. మొన్న ఒక పిల్ల లేచి, "స్లేవంటే తెలుగులో ఏంది మాస్టారూ?" అంది.

"మా నాయన చేసిన పని" అన్నాను.

ఎవరూ నవ్వలేదు.