కోణాల లెక్కలో పంచమీ విభక్తి

భాష బోధించేవానికి కోణాలతో ఏమి పని అని గణితశాఖ మిత్రులు నన్ను పరిహసిస్తుంటారు. కాని మన విద్యార్థులలో అనేకులు తడబడేది కొలతల వద్ద కాదు, వాక్యం వద్దనే అని నా అభిప్రాయం. తమకు లెక్కలు రావని నిశ్చయించుకొని చదువు దారినే మార్చుకొన్న వారిలో ఎందరికో వాక్యాన్ని విడదీసి చదవడం ఎవరూ నేర్పలేదు.

ఈ సమస్యను చూడండి: "ఒక కోణం తన పూరక కోణానికి రెట్టింపు కంటె 15 డిగ్రీలు తక్కువ. ఆ కోణమెంత?" పూరక కోణాల మొత్తం 90 డిగ్రీలు. తెలియని కోణాన్ని క్ష అనుకొంటే పూరకం 90 − క్ష. ఇక తెలుగు నడిచిన క్రమంలోనే వ్రాయండి. రెట్టింపు, అనగా 2(90 − క్ష). దానికంటె 15 తక్కువ, అనగా 15 తీసివేత.

క్ష = 2(90 − క్ష) − 15

తీసివేత గుర్తు స్థానాన్ని నిర్ణయించినది "కంటె" అనే పంచమీ విభక్తియే. ఉర్దూలో "దో గునే సే పంద్రా కమ్" అన్నా క్రమం ఇదే. ఇంగ్లీషులో మాత్రం "ఫిఫ్టీన్ లెస్ దాన్ ట్వైస్" అంటూ పదిహేను ముందే వచ్చి కూర్చుంటుంది. తొందరపడిన విద్యార్థి 15 − 2(90 − క్ష) అని వ్రాసేస్తాడు. ప్రశ్నను ఒకసారి ఇంటి భాషలో చెప్పుకొన్నవానికి ఈ ప్రమాదం తక్కువ.

సవరిస్తే క్ష = 165 − 2క్ష. కుడివైపు లోటుగా ఉన్న 2క్షను ఇరువైపులా చేర్చితే 3క్ష = 165, క్ష = 55. ఈ లోటు పూడ్చడమే అరబ్బీలో "అల్‌జబ్ర్". విరిగిన ఎముకను సరిచేయడానికీ అదే మాట. సుమారు 820లో బాగ్దాదులో అల్‌ ఖ్వారిజ్మీ రచించిన గ్రంథం పేరులోని ఆ మాటే ఆల్జీబ్రా అయినది. ఆ గ్రంథంలో నేటి గుర్తులేవీ లేవు, సమీకరణాలన్నీ వాక్యాలే. మహావీరాచార్యుని గణితాన్ని తెనిగించిన మన పావులూరి మల్లన ఏకంగా పద్యాలలోనే లెక్కలు చెప్పినాడు!

వచ్చిన జవాబును మరల వాక్యంలో ఉంచి చూడాలి. 55కు పూరకం 35, రెట్టింపు 70, 15 తక్కువ 55. ఈ శ్రమ వృథా అనుకొనేవారు "ఒక కోణం తన పూరకం కంటె 200 డిగ్రీలు ఎక్కువ" అన్న వాక్యాన్ని సాధించి చూడండి. బీజగణితం నిస్సంకోచంగా 145 అంటుంది. అప్పుడు పూరకం ఋణ 55 డిగ్రీలవుతుందని, అటువంటి కోణం ఏ త్రిభుజంలోనూ ఇమడదని అది చెప్పదు.