ఏడాదికోసారి కాయ, వారం వారం కిస్తీ

మిర్చి ధరల మీద రాసుకురమ్మంటే గుంటూరు పక్కనున్న నల్లపాడు వెళ్లాను. అక్కడ నన్ను నిలబెట్టేసింది తొడిమలు తీసే ఒక చెయ్యి. కాయ వేళ్ల మధ్యకు రాగానే తొడిమ ఊడుతుంది, తాలుకాయ పక్కకు పోతుంది, ఎర్రకాయ గోతంలో పడుతుంది. ఘాటుకు వేళ్లు మండినా చెయ్యి ఆగదు. ఆ కుప్ప దగ్గర ధర మాట లేదు, రేపటి కిస్తీ మాటే. కాయ ఏడాదికోసారి వస్తుంది, కిస్తీ మాత్రం వారం వారం వస్తుందన్నది అక్కడి మొర. చిన్న అప్పు పేదరికాన్ని తగ్గిస్తుందా అన్న చర్చకు అసలు ముడి ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఆ చర్చలో గుంటూరుకూ చోటుంది. చిన్న అప్పులిచ్చే స్పందన సంస్థ 1998లో ఇక్కడే మొదలైంది. అది హైదరాబాదు బస్తీల్లో అప్పులివ్వబోతున్నప్పుడు ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 104 బస్తీలను పరిశీలించింది. అప్పు అందినచోట జనం సామాన్లు కొనుక్కున్నారు, ఉన్న వ్యాపారంలో కొంత పెట్టుబడి పెంచారు. తలసరి ఖర్చు మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, పిల్లల చదువులోనూ ఇంట్లో ఆడవాళ్ల మాటకున్న విలువలోనూ మార్పు కనబడలేదు. పట్నంలో రోజూ గల్లా నిండే కొట్టుకే ఫలితం అంతంతమాత్రమైతే, ఆగస్టు ప్రాంతంలో నాటి ఫిబ్రవరి, మార్చిల్లో డబ్బు కళ్లజూసే మిరప చేనికి వారం కిస్తీ ఎలా పొసగుతుంది? కూలి డబ్బులతోనో మరో అప్పుతోనో ఆ కిస్తీ కట్టాలి. 2021లో నల్ల తామరపురుగు చేలను ఊడ్చేసినప్పుడు ఆ రెండో అప్పు తీర్చడానికీ కాయ మిగల్లేదు.

అయితే చిన్న అప్పుల్ని ఆపేయమంటారా అని అడగవచ్చు. ఆ పని ఒకసారి చూశాం. బలవంతపు వసూళ్లు, ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వసూళ్లను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది, సూక్ష్మరుణ సంస్థలు చతికిలబడ్డాయి. ఆ దెబ్బకు ఇతర రాష్ట్రాల పల్లెల్లోనూ అప్పు పుట్టక కూలి రేట్లు, ఇంటి ఖర్చులు తగ్గాయని ఆర్థికవేత్తలు ఎమిలీ బ్రెజా, సింథియా కినాన్ తేల్చారు. ఆ మాట ఒప్పుకుంటాను. ఊళ్లోకి డబ్బు రావాలి. కానీ వచ్చిన డబ్బు ఎప్పుడు తిరిగి కట్టాలన్నది వేరే ప్రశ్న, దానికి వడ్డీ తగ్గింపు జవాబు కాదు. డ్వాక్రా సంఘాలకు నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం వడ్డీ భారమే పడేలా ప్రభుత్వమే మిగతాది భరించిన రోజులున్నాయి. అయినా 2019 జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబాల్లో 93.2 శాతం అప్పుల్లోనే ఉన్నాయి, సగటున 2.45 లక్షలు.

వారం కిస్తీ అప్పే దిక్కు కావడానికి ఒక కారణం కౌలు. కాయ అమ్మాక తీర్చే వీలున్న పంట రుణం పట్టా ఉన్న ఆసామికి పోతుంది, చేను చేసే కౌలుదారుకు కాదు. రాష్ట్రం 2019లో తెచ్చిన సాగుదారుల చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తానంది గానీ దానికి ఆసామి సంతకం కావాలంది. సంతకం పెడితే పొలం మీద హక్కు పోతుందన్న భయంతో ఆసామి పెట్టడు. అప్పుడు భార్య పేరున గేదె కోసమో కుట్టుమిషన్ కోసమో తెచ్చిన గ్రూపు లోను పురుగుమందు కొట్టుకు చేరుతుంది, దాని కిస్తీ ఆమె తొడిమలు తీసిన కూలిలోంచి పోతుంది.