గడిలో బొమ్మ, గడిపై బొమ్మ

మీరు ఎప్పుడైనా భిలాయి వెళ్ళారా? వెళ్ళకపోయినా ఫరవాలేదు. అది ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉన్న ఉక్కు పట్టణం. సోవియట్ యూనియన్‌తో 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది. పని వెతుక్కుంటూ వెళ్ళిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మాదీ అటువంటి కుటుంబమే. మా ఇంటి చిరునామా చాలా చిన్నది. సెక్టారు సంఖ్య, వీధి సంఖ్య, క్వార్టరు సంఖ్య, అంతే. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా తాతగారు "ఇదేం చిరునామా, ఎవరింటి పక్కనో చెప్పకుండా!" అని నవ్వేవారు. కాని మా పోస్టుమాన్ ఏనాడూ దారి తప్పలేదు.

కంప్యూటరులో ఎక్సెల్ తెరిచినప్పుడల్లా నాకు ఆ పట్టణమే గుర్తుకు వస్తుంది. నిలువు వరుసకు ఒక అక్షరం, అడ్డు వరుసకు ఒక అంకె. రెండూ కలిస్తే గడి చిరునామా. 'సి 7' అంటే మూడవ నిలువు వరుసలో ఏడవ అడ్డు వరుస. ఆ గడిలో మీరు టైపు చేసిన పేరు ఆ గడిదే. అడ్డు వరుస కిందికి జరిగితే పేరు కూడా దానితోపాటే జరుగుతుంది.

బొమ్మ సంగతి అలా కాదు. నివేదికలో ఫొటో గాని, గ్రాఫు గాని మామూలు పద్ధతిలో గళ్ళపై పెట్టినప్పుడు అది గడిలో కూర్చున్నట్లే కనిపిస్తుంది. నిజానికి గళ్ళ కాగితం మీద ఒక గాజు పలక పరచి, ఆ పలక మీద బొమ్మ పెట్టినట్లు ఊహించుకోండి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విసికాల్క్‌లో అక్షరాలు, అంకెలు తప్ప బొమ్మలకు చోటే లేదు. గళ్ళు ముందు పుట్టాయి, బొమ్మలు తరువాత వచ్చి పైన చేరాయి. ఈ ఒక్క విషయం సరిగా తెలియక నేను చేసిన పొరపాటు మీకు చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం సెలవులో భిలాయి వెళ్ళాను. అక్కడి ఒక అధ్యయన కేంద్రంలో ప్రాయోగిక పరీక్ష జరగబోతోంది. "మేడమ్, మీకు కంప్యూటర్ వచ్చు కదా, ఫొటోలతో హాజరు పట్టిక చేసిపెట్టండి" అని అడిగారు. 26 పేర్లు అక్షరక్రమంలో కొట్టి, పక్కన ఫొటోలు పెట్టాను. అంతా అయ్యాక చూస్తే పట్టిక కాగితం వెడల్పు దాటిపోయింది. ఫొటోల నిలువు వరుసను కొంచెం ఇరుకు చేశాను. అంతే, 26 ముఖాలూ ములక్కాడల్లా సన్నబడిపోయాయి!

విసుగు వచ్చి ఆ మార్పును వెనక్కి తీసుకున్నాను. ఫొటోలన్నిటినీ ఎంచుకుని, 'డోంట్ మూవ్ ఆర్ సైజ్ విత్ సెల్స్' అనే ఎంపికను నొక్కాను. కదలకు, సాగకు అని దాని అర్థం. తరువాత నిలువు వరుసను మళ్ళీ ఇరుకు చేస్తే ముఖాలు చెక్కుచెదరలేదు. సమస్య తీరిందనుకున్నాను.

మరునాడు ఒక కుర్రవాడి పేరు ఆలస్యంగా వచ్చింది, ఫొటో రాలేదు. అక్షరక్రమంలో అతనిది 9వ స్థానం. అక్కడ ఒక కొత్త అడ్డు వరుస చేర్చాను. ఏమి జరిగి ఉంటుందో ముందు మీరే ఆలోచించండి, తరువాత చదవండి.

9వ స్థానం నుంచి పేర్లన్నీ ఒక మెట్టు కిందికి దిగాయి. ఫొటోలు మాత్రం నేను చెప్పినట్లే కదలలేదు. పేర్లు 27, ఫొటోలు 26. ఒక ఫొటో రాలేదు కనుక లెక్క సరిపోయిందని ముద్రణకు ఇచ్చేశాను. ఖాళీ 9వ వరుసలో ఉండాలి గదా, చివరి వరుసలో ఎందుకుందని చూడలేదు.

పరీక్షనాడు 10వ పేరు గల ఆవిడ ఖుర్సీపార్ నుంచి వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. చిన్నప్పుడు మానేసిన చదువును మళ్ళీ మొదలుపెట్టారు. ఆవిడ పేరు పక్కన మీసాలున్న కుర్రవాడి ఫొటో ఉంది. ద్వారం దగ్గర ఆపేశారు. ఆపినవారిది తప్పు కాదు, వారి పని అది. ఆవిడ మాత్రం "స్టూడియోలో ఫొటో మార్చి ఇచ్చారేమోనండి, నేనే చూసుకోలేదు" అంటూ కళ్ళు తుడుచుకున్నారు. తరువాత వచ్చినవారి ముఖాలూ ఒకదానికొకటి కలవకపోయేసరికి గాని పట్టికను అనుమానించలేదు. ఆవిడకు అరగంట పోయింది. ఆ అరగంటను తరువాత కలిపి ఇచ్చారు గాని, చేతులు వణుకుతుంటే కలిపి ఇచ్చిన సమయం ఎంత ఉపయోగపడుతుంది?

ఇప్పుడు పద్ధతి చూద్దాం. బొమ్మపై కుడి బటన్ నొక్కి 'సైజ్ అండ్ ప్రాపర్టీస్' తెరవండి. ప్రాపర్టీస్ కింద మూడు ఎంపికలు ఉంటాయి. మొదటిది, గడితోపాటు కదలడం, సాగడం. రెండవది, కదలడం మాత్రమే. మూడవది నా చేత తప్పు చేయించినది. పేజీ పైభాగంలో ఉండే సంస్థ చిహ్నానికి మూడవది పనికివస్తుంది. మనుషుల పేర్ల పక్కన ఉండే ఫొటోలకు దాన్ని ఎన్నడూ వాడకండి. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్‌లో దీన్నే యాంకర్ అంటారు, అంటే లంగరు. లంగరు పేజీకి వేయాలా, గడికి వేయాలా అని అది అడుగుతుంది. ఈ మాట నాకు ఎక్సెల్ మాటకన్నా తేలికగా అర్థమయింది.

నా అసలు తప్పు ఎంపికలో కన్నా ముందే జరిగింది. ఫొటోలు పెట్టి, తరువాత గళ్ళ కొలతలు మార్చాను. మీరు కాగితం నుంచి మొదలుపెట్టండి. ఏ4 కాగితం ఎత్తు 297 మిల్లీమీటర్లు. పైనా కిందా 20 చొప్పున వదిలితే 257 మిగులుతుంది. 35, 45 మిల్లీమీటర్ల పాస్‌పోర్టు ఫొటోను అదే నిష్పత్తిలో 21, 27కు తగ్గించండి. అడ్డు వరుస ఎత్తును పాయింట్లలో చెప్పాలి. 72 పాయింట్లు ఒక అంగుళం. 80 పాయింట్లు ఇస్తే సుమారు 28 మిల్లీమీటర్లు వస్తుంది. శీర్షికకు ఒక వరుస పోగా పేజీకి 8 మంది పడతారు. నిలువు వరుస వెడల్పును మాత్రం అక్షరాల లెక్కన కొలుస్తారు. ఆధారమైన ఫాంట్ మారితే అదీ మారుతుంది. కనుక ఏ కంప్యూటరు నుంచి ముద్రిస్తారో దానిలోనే ఒకసారి సరిచూడండి.

'లాక్ యాస్పెక్ట్ రేషియో' గుర్తు పెట్టి ఉంటే, ఫొటో ఎత్తును గాని వెడల్పును గాని అంకెల్లో మార్చినప్పుడు ముఖం సాగదు. మౌస్‌తో జరిపేటప్పుడు ఆల్ట్ మీట నొక్కి పట్టుకుంటే బొమ్మ అంచు గడి గీతకు అంటుకుంటుంది. ఫొటో గడి లోపలే పూర్తిగా ఇమిడాక మొదటి ఎంపిక ఇవ్వండి. అప్పుడు పేర్లను తిరిగి అక్షరక్రమంలో పెట్టినా ఫొటో తన మనిషిని వదలదు.

అంతా అయ్యాక మధ్యలో ఒక ఉత్తుత్తి అడ్డు వరుస చేర్చి, దాని కిందనున్న నలుగురి ముఖాలు, పేర్లు సరిచూడండి. ఆ వరుసను మళ్ళీ తీసివేయడం మరచిపోకండి. ఒకసారి నేను మరచిపోతే, పేరులేని ఆ అభ్యర్థి గైర్హాజరైనట్లు ఎవరో జాగ్రత్తగా ఎర్రసిరాతో గుర్తుపెట్టి పంపారు.