ఎక్కం చెప్పింది పాపా, నా ముఖమా?

ఇంట్లో గడగడా అప్పజెప్పిన పాఠం పరీక్షలో ఏమైపోతుందో అని మీరెప్పుడైనా తల పట్టుకున్నారా? నేను పట్టుకున్నాను. మూడో తరగతి చదివే మా పాప పరీక్ష ముందురోజు రాత్రి ఎక్కాలన్నీ చెప్పింది. పేపరు వచ్చాక చూస్తే ఇరవైకి తొమ్మిది. గట్టిగా కసిరాను. "ఇంట్లో వచ్చాయమ్మా" అని ఏడ్చింది.

ఆ రాత్రి, డిగ్రీలో సైకాలజీ క్లాసులో విన్న హాన్స్ అనే గుర్రం గుర్తొచ్చింది. బెర్లిన్‌లో ఫాన్ ఓస్టెన్ అనే లెక్కల మాస్టారు దాన్ని పెంచారు. లెక్క అడిగితే గిట్టతో నేలను అన్నిసార్లు తట్టి జవాబు చెప్పేది. 1904లో నిపుణులు పరిశీలించినా మోసమేమీ కనబడలేదు. తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు, అడిగేవారికే జవాబు తెలియని ప్రశ్నలు వేయించాడు. హాన్స్ తప్పులు చెప్పింది. అడిగేవారు కనబడకుండా చేసినా అంతే. సరైన అంకె రాగానే అడిగేవారి తల రవ్వంత కదిలేది. అది చూసి గుర్రం ఆగేది. మాస్టారు మోసగాడు కాదు, తను సైగ చేస్తున్నట్టు ఆయనకే తెలియదు. మందుల పరీక్షల్లో ఏది అసలు మందో రోగికే కాక డాక్టరుకు కూడా తెలియకుండా జాగ్రత్తపడేది ఇలాంటి పొరపాటు జరగకూడదనే.

మరునాడు ఇరవై చీటీలు రాశాను. ఎదురుగా కూర్చుని అడిగితే పంతొమ్మిది సరిగ్గా చెప్పింది. ఆ మర్నాడు అవే చీటీలు, అదే సమయం, నోటితోనే జవాబు. మార్చింది ఒక్కటే: నేను వెనక్కి తిరిగి కూర్చుని, మాట్లాడకుండా రాసుకున్నాను. పన్నెండే వచ్చాయి.

అప్పుడు అర్థమైంది. "ఏడెనిమిదులు యాభై... నాలుగు?" అని తను ఆగేది. నా కనుబొమలు లేచేవి. "యాభై ఆరు!" అనేది. నేను "వెరీ గుడ్" అనేదాన్ని.

ఒక్క పిల్లతో రెండు రోజులు చేసినదాన్ని పరిశోధన అనలేను. పరీక్ష భయం కూడా ఉండి ఉండవచ్చు. కానీ తనకు రానివి ఏవో నాకు తెలిశాయి. అంతకుముందు, చదవడం లేదని మాత్రమే అనుకున్నాను. కసిరినందుకు సారీ చెప్పాను. ఇప్పుడు రోజూ ఆ చీటీలతోనే పది నిమిషాలు కూర్చుంటున్నాం.

ఈ రాత్రి మీరూ ఒకసారి వెనక్కి తిరిగి కూర్చుని అడిగి చూడండి. జవాబు తప్పితే మాత్రం వెంటనే ఇటు తిరిగి కోప్పడకండి.