పొద్దుగూకిన వేళ పులగం

సాయంకాలం తెనాలిలో రేపల్లె బండి కదిలేసరికి అందులోని ఉద్యోగినుల సంభాషణ తరచుగా ఒకే ప్రశ్న వద్దకు చేరుతుంది: "ఈ రాత్రికి ఏం వండాలి?" 1916లో వేసిన ఈ రైలుమార్గం పొడవు సుమారు 34 కిలోమీటర్లు. వేమూరు, భట్టిప్రోలు దాటి బండి రేపల్లె చేరేసరికి చీకటి పడుతుంది. పగలంతా కార్యాలయంలో శ్రమించిన ఇల్లాలికి అక్కడినుంచి రెండవ ఉద్యోగం ఆరంభమవుతుంది.

రేపల్లెలోని అటువంటి ఒక ఇంటికి ఆమె తెనాలి నుంచి రైలులో, భర్త బాపట్ల నుంచి బస్సులో రావాలి. ఇంటర్ చదివే కుమారుడు, వృద్ధురాలైన అత్తగారు ఎదురుచూస్తూ ఉంటారు. కూర, పప్పు, చారు వేర్వేరుగా వండే వ్యవధి గాని, ఓపిక గాని లేని రాత్రులలో ఆ కుటుంబాన్ని ఆదుకునేది పులగం.

రెండు పాళ్ల బియ్యానికి ఒక పాలు పెసరపప్పు చాలు. పప్పును కమ్మని వాసన వచ్చేదాకా దోరగా వేయించాలి. ఈ ఒక్క పనిలో తొందర పనికిరాదు. తరువాత రెండింటినీ కలిపి కడిగి, మూడింతల నీరు పోసి, ఉప్పు, జీలకర్ర, మిరియాలు, అల్లం వేసి కుక్కరులో ఉడికిస్తే సరి. కొత్త బియ్యమైతే నీరు కొంత తగ్గించాలి. పైన నెయ్యి, పక్కన ఊరమిరపకాయ ఉంటే మరొక కూర కోసం ఎవరూ వెదకరు.

తేలికగా అరుగుతుంది కనుక పులగానికి రోగుల పథ్యమన్న పేరు వచ్చింది. ఇది దానికి జరిగిన అన్యాయమే. బియ్యపు మాంసకృత్తులలో కొరవడిన లైసిన్‌ను పప్పు సమకూరుస్తుంది. పప్పులో తక్కువైన మిథియోనిన్‌ను బియ్యం పూరిస్తుంది. ఈ జంట వంటింట్లోనే కలిసినది కూడా కాదు. కృష్ణా డెల్టాలో వరి కోతకు కొద్దిరోజుల ముందే ఆ చేలలో మినుములు, పెసలు చల్లుతారు. వరి కోసిన పిమ్మట మిగిలిన తేమతోనే అవి పండుతాయి. ఒకే మడి అన్నమూ పప్పూ ఇస్తుందన్నమాట. ఇక బియ్యపు దుకాణంలో 'బీపీటీ' అని అడిగి తెచ్చుకునే సన్నబియ్యం పేరులో ఉన్నది బాపట్లే. అక్కడి పరిశోధన ఫలితమైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, 1986లో విడుదలైంది.

ఒక కార్తీకమాసపు సాయంకాలం రేపల్లె బండి బాగా ఆలస్యమైంది. ఎనిమిది దాటినా తల్లి రాకపోవడంతో కుర్రవాడు తానే పొయ్యి వెలిగించాడు. "మగపిల్లవాడివి, నీకెందుకురా ఈ పని?" అని నాయనమ్మ వారించింది. మన భాష మెచ్చుకునే నలభీమపాకంలోని ఇద్దరూ పురుషులే. విరాటుని కొలువులో భీముడు వలలుడై గరిటె పట్టినవాడే. ఆ సంగతి పురాణం విన్నంతసేపే గుర్తుంటుంది కాబోలు! అయితే వేగుతున్న పప్పు వాసన వసారాలోకి రాగానే ఆమె కంఠం మారింది. "ఇక దించు, మాడిపోతుంది" అని కూర్చున్నచోటు నుంచే హెచ్చరించింది.

నీరు చాలలేదు. తల్లి వచ్చి మూత తీసేసరికి పులగం అడుగంటి ఉంది. కుర్రవాడు తల వంచుకొని నిలబడ్డాడు. ఆమె ఏమీ అనలేదు. కాళ్లు కడుక్కొని వచ్చి, మాడిన పొర కదలకుండా పైభాగాన్ని వేరే గిన్నెలోకి తీసి, కాసిన్ని వేడినీళ్లు, నెయ్యి వేసి కలిపింది. ఎన్నో ఏళ్ల తరువాత, తాను వండని అన్నం ముందు ఆమె ఆ రాత్రి కూర్చున్నది. పథ్యపు తిండని ఈసడించే నాయనమ్మ మారు వడ్డించుకున్నది. తొమ్మిదింటికి వచ్చిన తండ్రి, ఎవరు వండారని అడగకుండానే తినడం మొదలుపెట్టి, తెలిసిన తరువాత ఒక క్షణం ఆగాడు. గిన్నె తోమే పని ఆనాడు ఆయన వంతైంది.

మరుసటి వారం, బండి వేమూరు దాటిందని ఆమె ఫోను చేసినప్పుడు కుర్రవాడు అడిగాడు:

"అమ్మా, డబ్బాలో ఉన్నవి పాత బియ్యమా, కొత్తవా?"